‘పక్షివిశేషము’: వైనతేయ మొగలో వసంతకాల పక్షివీక్షణ – తెలుగు పక్షినామాల పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు కావ్యాల్లో వసంతం మామిడితోటలో మొదలవుతుంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట అదే వసంతం వలసపక్షుల తిరుగు ప్రయాణంతోనూ, ఇసుక మీద గుడ్లు పెట్టే పక్షుల సందడితోనూ మొదలవుతుంది. ఈ రెండో వసంతానికి చెందిన పక్షులు సంప్రదాయ నిఘంటువుల్లో చాలావరకు ‘పక్షివిశేషము’ అన్న ఒక్క అర్థంతోనే మిగిలిపోయాయి. కోనసీమలోని తాటిపాక నుంచి వైనతేయ గోదావరి మొగ వరకు సాగే పక్షివీక్షణను ఆధారంగా చేసుకొని తీరపక్షుల తెలుగు పేర్ల స్వభావాన్ని, గరుడోపాఖ్యానంలోనూ టిట్టిభం కథలోనూ కనిపించే తీరజ్ఞానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కోనసీమ, వైనతేయ గోదావరి, పక్షినామాలు, ఉల్లంకి, తీతువు, టిట్టిభం, నిఘంటువు, వృత్తిపదాలు.

1. ప్రవేశిక

ప్రబంధకవి వసంతాన్ని వర్ణించేటప్పుడు అతని చేతిలో సిద్ధంగా ఉండే సామగ్రి అందరికీ తెలిసిందే. మామిడి చిగురు, మలయమారుతం, తుమ్మెద, చిలుక, వాటన్నిటికీ మించి కోయిల. ఈ సామగ్రి పదేపదే రావడం చూసి, మన కవులకు పక్షులు తెలియవని, తెలిసిందల్లా కవిసమయమేనని తేల్చేసే ధోరణి విమర్శలో ఉంది. ఇది తొందరపాటు తీర్పు. కోయిలకు కావ్యాల్లో ఉన్న పర్యాయపదాలు చూస్తే చాలు. ‘పరభృతము’, ‘అన్యపుష్టము’ అన్న పేర్లు కోయిల తన గుడ్లను కాకి గూట్లో పెడుతుందని, కాకే దాని పిల్లలను సాకుతుందని గమనించినవారు పెట్టినవి. పక్షి ప్రవర్తనను చూసి, దాన్ని ఒక్క సమాసంలో ఇమిడ్చిన పరిశీలన అది. వసంతంలో కోయిల కూయడం కూడా వట్టి అలంకారం కాదు. అది దాని జతకట్టే కాలం, కూసేది మగకోయిల.

లోపం కవుల కళ్లలో లేదు, వారు నిలబడిన చోటులో ఉంది. ఉద్యానవనం, కొలను, రాజప్రాసాదం నుంచి కనిపించే పక్షులకు పర్యాయపదాలు పుట్టాయి. ఉప్పునీటి బురదలో తిరిగే పక్షికి ఆ అదృష్టం దక్కలేదు. వాటిని రోజూ చూసేవారు పల్లెకారులు, ఏటిగట్టు రైతులు, వేటగాళ్లు. వారి మాటలు పద్యాల్లోకి రాలేదు. పద్యాల ప్రయోగాలను ఆధారం చేసుకొని కూర్చిన నిఘంటువుల్లోకీ రాలేదు. వచ్చిన కొద్దిపాటి మాటలకు ‘పక్షివిశేషము’, ‘జలపక్షివిశేషము’ అన్న అర్థాలు మిగిలాయి. అది ఏ పక్షి, ఏ నెలలో వస్తుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఏ ఊరివారు దాన్ని అలా పిలుస్తారు అన్నవి ఆ మాట వెనుకనే ఆగిపోయాయి.

మధ్యలో జక్కవ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. చక్రవాకం, జక్కవ అని కావ్యాలు పిలిచే పక్షిని సాధారణంగా రడ్డీ షెల్‌డక్ అనే నారింజరంగు బాతుగా గుర్తిస్తారు. అది లడఖ్, టిబెట్ ప్రాంతాల్లో గుడ్లు పెట్టి, చలికాలంలో మాత్రమే దక్షిణాది నీటిపట్టులకు వస్తుంది. ఎండలు ముదరకముందే వెళ్లిపోతుంది. కావ్యాల్లో మాత్రం జక్కవల జంట ఏ ఋతువులోనైనా, ఏ సాయంకాలమైనా విడిపోతూనే ఉంటుంది. వియోగానికి కవి ఎంచుకున్న పక్షి నిజానికి ఏటా ఈ నేలనే విడిచి వెళ్లే పక్షి కావడం గమనించదగింది.

2. తాటిపాక నుంచి మొగ దాకా

తాటిపాక రాజోలు ప్రాంతంలో, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఊరు. పేరులో తాటి ఉన్నా ఇప్పుడు చుట్టూ కనిపించేది కొబ్బరి. ఇక్కడి నుంచి మామిడికుదురు మీదుగా అప్పనపల్లి వైపు వెళితే వైనతేయ ఒడ్డు వస్తుంది. ఆ ఒడ్డునే దక్షిణంగా సాగితే పడమటి గట్టున కరవాక, తూర్పు గట్టున ఓడలరేవు; రెండింటి మధ్య మొగ. పాయ సముద్రంలో కలిసే చోటును ఈ తీరంలో ‘మొగ’ అనే అంటారు. గ్రాంథికంగా చెప్పాలనుకునేవారు సంగమమనీ, పత్రికలు ముఖద్వారమనీ రాసినా, పడవ నడిపేవారికి అది మొగే.

వైనతేయకు సప్తగోదావరుల సంప్రదాయ జాబితాలో చోటు లేదు. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ అన్నవి ఆ ఏడు. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి చీలే ఈ పాయకు ఆ పేరుగల ఋషి కారణమని, ఆయన వశిష్ఠ నీటిలో కొంత తీసుకుపోయాడని ఒక ఐతిహ్యం. ఋషి సంగతి ఎలా ఉన్నా, పేరుకు అర్థం మాత్రం స్పష్టం. వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు. పక్షిరాజు పేరు మోసే గోదావరి పాయ ఇది. (మామిడికుదురు పక్కన గెద్దాడ అనే ఊరు కూడా ఉంది. దాని పేరులో గద్దను వెతకాలన్న ఉబలాటం కలుగుతుంది గానీ, శాసనాధారం లేకుండా ఆ పని చేస్తే అది జానపద నిరుక్తే అవుతుంది.)

ఈ నడకకు గడియారం కన్నా తిథి ముఖ్యం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి పోటూ మునుపటి రోజుకన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటు పెద్దది. అష్టమి, నవముల్లో చిన్నది. పాటు సమయంలో బురదనేల బయటపడుతుంది, పక్షులు దాని మీద చాలా దూరం వరకు చెదిరి మేస్తాయి. పోటు ఎక్కుతున్న కొద్దీ నీరు వాటిని గట్టు వైపు నెడుతుంది. కాబట్టి మొగ చేరవలసింది పోటు మొదలయ్యే వేళకు. ఇది తెలియక, తెల్లవారుజామే పక్షులకు మంచి సమయమన్న తోటల లెక్కతో వచ్చినవారికి నిండు పోటులో నీరు తప్ప ఏమీ కనిపించదు.

దారిలోనే పక్షుల వరుస మారిపోతుంది. కాలువ గట్ల మీద లకుముకి, తీతువు. రొయ్యల చెరువుల చుట్టూ తెల్లకొంగలు, నీరుకాకులు, మెడ ముడిచి నిలబడిన నారాయణ పక్షి. సరుగుడు తోటలు దాటి ఇసుక మొదలయ్యాక ఆకాశంలో గరుడ పక్షి: తల, రొమ్ము తెలుపు, మిగిలిన ఒళ్లంతా ఇటుకరంగు. చేపల పడవల వెంట తిరిగే ఈ గద్దనే తెలుగువారు గరుత్మంతుడిగా భావించి కళ్లకద్దుకుంటారు. వైనతేయ మీద వైనతేయుడు ఎగురుతున్నాడన్నమాట. అదృష్టం ఉంటే, నీటి మీద ఒక్క క్షణం నిలిచి కాళ్లు ముందుకు చాచి దూకే ఆస్ప్రే కూడా కనిపిస్తుంది. దానికి తెలుగులో ‘కోరమీను గద్ద’ అన్న పేరు నమోదై ఉంది. కోరమీను మంచినీటి చేప, మొగలో దొరికేది కాదు. అంటే ఈ పేరు పెట్టినవారు సముద్రతీరం వారు కారు, చెరువుగట్టు మనుషులు. ఒక పేరు ఎక్కడ పుట్టిందో పేరే చెప్పడానికి ఇంతకన్నా సులువైన ఉదాహరణ దొరకదు.

ఈ తీరానికి మరొక చరిత్ర కూడా ఉంది. వైనతేయ ఒడ్డునే ఉన్న పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఎగదన్నిన చమురుబావి మంటలు మార్చి 15 వరకు, 65 రోజులు, ఆరలేదు. తాటిపాకను ఆనుకొని ఉన్న నగరంలో 2014 జూన్ 27న గ్యాస్ గొట్టం పేలి ప్రాణనష్టం జరిగింది. ఈ గట్ల మీద పక్షుల గురించి అడిగేవారికి మొదట వినిపించే జవాబు చాలాసార్లు పక్షుల గురించి కాక ఈ మంటల గురించి ఉంటుంది. క్షేత్రపర్యటనకు వచ్చిన పరిశోధకుడు దాన్ని విషయాంతరంగా భావించరాదు.

3. ఉల్లంకి అనే ఒక్క మాట

బురద మీద పరిగెత్తే, ముక్కుతో గుచ్చుతూ మేసే చిన్న పక్షులన్నిటికీ తెలుగులో వినిపించే మాట ‘ఉల్లంకి’ లేదా ‘ఉల్లంకి పిట్ట’. స్నైప్‌కూ అదే, శాండ్‌పైపర్లకూ అదే. పక్షిశాస్త్రం పదుల సంఖ్యలో జాతులుగా విడదీసిన గుంపును తెలుగు ఒక్క పేరుతో సరిపెట్టడం భాష పేదరికమా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది.

వసంతకాలపు మొగలో నిలబడి చూస్తే జవాబు వేరుగా కనిపిస్తుంది. ఈ పక్షుల్లో అధికభాగం ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య మధ్య ఆసియా వలసమార్గం వెంట ఇక్కడికి చేరతాయి. ఉత్తరధ్రువ ప్రాంతం నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే మార్గమది. వచ్చాక చలికాలమంతా వాటి ఈకలు ఒకే తీరుగా ఉంటాయి: పైన బూడిదరంగు, కింద తెలుపు. లిటిల్ స్టింట్, కర్ల్యూ శాండ్‌పైపర్, లెస్సర్ శాండ్ ప్లవర్ దూరం నుంచి చూస్తే, పరిమాణంలో తేడా తప్ప, ఒకే బట్ట కట్టుకున్నట్లుంటాయి. మార్చి నెల మొదలయ్యాక ఆ బట్ట మారుతుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ రొమ్ము ఇటుకెరుపుకు తిరుగుతుంది. లెస్సర్ శాండ్ ప్లవర్ గుండెల మీద తుప్పురంగు పట్టీ వస్తుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్‌కు ముఖం నుంచి పొట్ట దాకా నలుపు దిగి, వీపు మీద బంగారు చుక్కలు తేలతాయి. ఒక్కొక్కటీ దేనికదే వేరని అప్పుడు తెలుస్తుంది. కానీ అలా తెలిసే సమయానికి అవి ప్రయాణానికి సిద్ధమై ఉంటాయి. ఏప్రిల్ గడిచి మే వచ్చేసరికి దాదాపు అన్నీ వెళ్లిపోతాయి. ఇంకా ఈడేరని కొన్ని పిల్లపక్షులు మాత్రం వేసవంతా తీరంలోనే ఉండిపోతాయి. కర్ల్యూ శాండ్‌పైపర్ సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెడుతుంది. శాండ్ ప్లవర్లలో ఒక వర్గం లడఖ్, టిబెట్ పీఠభూముల దగ్గరే ఆగిపోతుంది. ఒకే బురదలో ఒకే పేరుతో మేసిన పక్షులు వేల కిలోమీటర్ల తేడాతో విడిపోతాయి.

ఈ దృష్టితో చూస్తే ‘ఉల్లంకి’ అజ్ఞానం వల్ల పుట్టిన పేరు కాదనిపిస్తుంది. తెలుగునేల మీద అవి గడిపే ఏడెనిమిది నెలల్లో అత్యధిక కాలం వాటి రూపం ఒకటే. ప్రజలు చూసిన రూపానికి ప్రజలు పెట్టిన పేరూ ఒకటే. పేరు పెట్టడానికి జాతి ఒక్కటే ఆధారం కాదు. అవసరం, వేట, తిండి, భయం, శకునం కూడా పేర్లు పెడతాయి. తిండికి పనికివచ్చే బాతులకు విడివిడి పేర్లుండి, పనికిరాని సముద్రపు పిట్టలన్నీ ఒకే పేరు కిందికి చేరడానికి కారణం ఇదే. ఇది ఊహే అయినా పరీక్షించదగిన ఊహ. ఒకే వలసపక్షికి చెరువు ప్రాంతంలో ఒక పేరు, మొగ దగ్గర మరొక పేరు, మెట్టప్రాంతంలో పేరే లేకపోవడం వంటివి క్షేత్రంలో దొరికితే ఈ వాదం నిలుస్తుంది, లేకపోతే పడిపోతుంది.

4. వినత గుడ్లు, టిట్టిభం గుడ్లు

వెళ్లిపోయే పక్షుల సంగతి అది. వసంతంలో మొగ దగ్గర జరిగే రెండో పని గుడ్లు పెట్టడం. సముద్రతీరపు ఇసుక మీద గుడ్లు పెట్టే పక్షులకు గూడు అంటూ ఉండదు. కెంటిష్ ప్లవర్ ఇసుకలో చిన్న గుంట చేసి, సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. లిటిల్ టెర్న్‌కు రెండో మూడో గుడ్లు. వాటి రంగు ఇసుకా గవ్వముక్కలూ కలిసిన రంగు. తీతువు గులకరాళ్ల మధ్య, గట్ల మీద, దున్నిన చేలల్లో మూడు నాలుగు గుడ్లు పెట్టి, మనిషో కుక్కో దగ్గరికొస్తే గుడ్లకు దూరంగా ఎగిరి అక్కడే ఏదో పోయినట్లు గోల చేస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రొమ్ము ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. దాని అరుపు విన్నవారికి కీడు జరుగుతుందన్న నమ్మకం తెలుగునాట ఉంది. ఆ అరుపు నిజానికి ఒక తల్లి పెట్టే గోల అని తెలిస్తే శకునానికి మరో అర్థం వస్తుంది.

‘తీతువు’, సంస్కృత ‘టిట్టిభము’ రెండూ అరుపును అనుకరించి పుట్టిన మాటలే. ఈ టిట్టిభం పేరు సాహిత్యంలో నిలిచింది పంచతంత్రం వల్ల. మిత్రభేద తంత్రంలోని ఆ కథ క్లుప్తంగా ఇది: సముద్రపుటొడ్డున టిట్టిభ దంపతులు. ఆడపక్షికి గుడ్లు పెట్టే వేళ వచ్చింది. ఇక్కడ వద్దు, పున్నమినాటి పోటు మదపుటేనుగుల్నైనా ఈడ్చుకుపోతుందని ఆమె భయం. సముద్రానికి తన జోలికి వచ్చే ధైర్యం లేదని మగపక్షి బడాయి. ఈ మాటలు విన్న సముద్రం గుడ్లను తీసుకుపోయింది. టిట్టిభం పక్షులన్నిటినీ కూడగట్టి తమ రాజైన గరుత్మంతుడి దగ్గరికి వెళ్లింది. ఆయన విష్ణువుకు చెప్పాడు. విష్ణువు అగ్నిబాణం ఎక్కుపెట్టేసరికి సముద్రం గుడ్లను తిరిగి ఇచ్చింది. తెలుగులో 15వ శతాబ్దంలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యకావ్యం చేశాడు. పాఠాల్లో ఈ కథను బలవంతుడితో వైరం, ఐకమత్యం అన్న నీతుల కింద చెప్పి ముగించడం రివాజు.

నీతిని పక్కన పెట్టి కథను తీరపు కథగా చదివితే అందులోని వివరాలు అన్నీ నిజాలే. పక్షి ఇసుక మీద గుడ్లు పెట్టడం నిజం. పున్నమి పోటు పెద్దదన్నది నిజం. ఎక్కడ గుడ్లు పెట్టాలన్న నిర్ణయంలో పోటు గీతకు ఎంత దూరమన్నదే అసలు సమస్య అన్నది కూడా నిజం. ఆడపక్షి భయం సరిగ్గా ఆ గీత గురించే. నేటి తీతువు ఎక్కువగా పొలాలను, గట్లను ఎంచుకుంటుంది. సముద్రపు ఇసుక మీదే గుడ్లు పెట్టే పక్షి అన్న వర్ణనకు ప్లవర్లు, టెర్న్‌లు ఇంకా దగ్గరగా ఉంటాయి. సంస్కృత సాహిత్యంలోని పక్షులను గుర్తించడానికి కె.ఎన్. దవే 1985లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. తెలుగు కావ్యాల్లోని పక్షుల విషయంలో కూడా ‘టిట్టిభము అనగా తీతువు’ అని ఆగకుండా, ఆ కథ చెప్పిన చోటును, కాలాన్ని, ప్రవర్తనను కలిపి చూడవలసి ఉంటుంది.

కాలం సంగతి ఇంకొంత వివరంగా చూడాలి. పోటుపాట్ల తేడా విషువత్తు దగ్గర, అంటే మార్చి చివరివారం చుట్టూ వచ్చే అమావాస్య, పౌర్ణముల్లో బాగా ఎక్కువగా ఉంటుంది. ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్య. చాంద్రమాన సంవత్సరం మొదలయ్యే సమయమే ఏడాదిలోని పెద్ద పోట్ల కాలం కూడా అన్నమాట. మరోవైపు బంగాళాఖాతపు పశ్చిమతీరంలో సముద్రపు సగటు మట్టం మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా తగ్గి, అక్టోబరు, నవంబరుల్లో పెరుగుతుంది. గోదావరిలోనూ అప్పుడు వరద ఉండదు. ఇసుకమేటలు, దిబ్బలు ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేది ఈ నెలల్లోనే. తీరపక్షులు వసంతాన్ని ఎంచుకోవడంలో కోయిలకున్న కారణాలకు తోడు ఈ కారణం ఒకటి ఉంది: కాలు మోపడానికి ఇసుక అప్పుడే దొరుకుతుంది. దిగువ గీతలో పెట్టిన గుడ్లు మాత్రం ఒక్క పున్నమికి పోతాయి.

గరుత్మంతుడి ప్రసక్తి కథలో ఊరికే వచ్చింది కాదు. అతని పుట్టుక కూడా గుడ్ల కథే. ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలో నన్నయ తెలుగు చేసిన ఆ ఉపాఖ్యానం ప్రకారం కద్రువ గుడ్లు పగిలి పాములు పుట్టాయి. వినత తన రెండు గుడ్లు ఇంకా పగలలేదని ఆత్రపడి ఒకదాన్ని పగలగొట్టింది. అందులోంచి తొడలు ఏర్పడని అనూరుడు వచ్చి, తల్లిని శపించి, రెండో గుడ్డునైనా దాని కాలం వరకు కాపాడమన్నాడు. అలా ముట్టుకోకుండా విడిచిన గుడ్డు నుంచి పుట్టినవాడు వైనతేయుడు. రాజమహేంద్రవరంలో, ఇదే గోదావరి ఎగువన కూర్చుని నన్నయ 11వ శతాబ్దంలో రాసిన కథ ఇది. పొదిగే కాలం పూర్తికాని గుడ్డు పగిలితే పిల్ల వికలమవుతుందన్న గృహజ్ఞానం అందులో పురాణమైంది. గుడ్డుగా ఉన్నప్పుడు కాపాడబడినవాడే, మరో కథలో, సముద్రం పాలైన గుడ్లను తెప్పించడానికి పూనుకున్నాడు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి వైనతేయ మొగ కన్నా తగిన చోటు లేదు.

ఇప్పటి టిట్టిభాలకు సముద్రం ఒక్కటే శత్రువు కాదు. ఇసుక మీద నడిచే కాళ్లు, తిరిగే వాహనాలు, వీధికుక్కలు, మేతకు వచ్చే పశువులు, గుడ్ల రంగు వల్ల అక్కడ గుడ్లున్నాయని ఎవరికీ తెలియకపోవడం. ఇవి కంటికి కనిపించే కారణాలు. కనిపించనిది ఇసుకే తగ్గిపోవడం. మొగ దగ్గరి దిబ్బలు గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి. 1971–79 మధ్య ఏటా సుమారు 150 మిలియన్ టన్నులున్న ఒండ్రు, 1990–98 నాటికి 57 మిలియన్ టన్నులకు పడిపోయిందని 2004లో వెలువడిన పరిశోధన చూపింది. ఎగువన కట్టిన జలాశయాల్లో అది ఆగిపోవడం ప్రధాన కారణం. మేట వేయని చోట సముద్రం కోత వేస్తుంది. పోటు గీత ఒక్క అడుగు లోపలికి జరిగినా గుడ్లకున్న చోటు అంత మేర తరిగిపోతుంది.

5. కలివికోడి చెప్పిన సాక్ష్యం

పక్షి పేరు నిఘంటువుకు మాత్రమే పనికివచ్చే వస్తువు కాదనడానికి తెలుగునాటనే గట్టి ఆధారం ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, నెల్లూరులో కొంతకాలం ఉన్న టి.సి. జెర్డన్ 1862–64 మధ్య ప్రచురించిన భారతీయ పక్షుల గ్రంథంలో అనేక పక్షులకు స్థానిక భాషల పేర్లు ఇచ్చాడు. వాటిలో తెలుగు పేర్లు చాలా ఉన్నాయి. తన పేరుతోనే ప్రసిద్ధమైన జెర్డన్స్ కోర్సర్‌కు అతడు నమోదు చేసిన తెలుగు పేరు రోమన్ లిపిలో ‘అడవ వుత తిత్తి’ అని చదవదగినట్లుంటుంది. మొదటిది ‘అడవి’ అనడంలో సందేహం లేదు. చివరి ‘తిత్తి’ తీతువు, టిట్టిభం వంటి ధ్వన్యనుకరణ పదాలకు చుట్టం కావచ్చు. తెలుగు తెలియని చెవి విని, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన పదాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చుకోవడమే ఒక పాఠపరిష్కరణ సమస్య.

1900 తర్వాత ఆ పక్షి ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల దగ్గర దాన్ని మళ్లీ గుర్తించడానికి తోడ్పడింది స్థానిక వేటగాళ్లే. శాస్త్రలోకం లేదనుకున్న ఎనభై ఆరేళ్లూ అక్కడివారికి అది ‘కలివికోడి’గా తెలుసు. కలివిపొదల మధ్య తిరిగే పక్షి కాబట్టి కలివికోడి. జెర్డన్ రాసుకున్న పేరు కన్నా ఈ పేరు ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే పక్షి ఎక్కడ వెతకాలో ఇందులోనే ఉంది.

కలివికోడి అడవిది, ప్రసిద్ధి పొందింది. మొగ పక్షులకు అటువంటి పేర్లు ఎన్ని ఉన్నాయో, అందులో ఎన్ని ఇప్పటికీ నోళ్లలో ఉన్నాయో తెలుసుకునే మార్గం మళ్లీ ఆ గట్ల మీదికే వెళ్లడం.

6. నమోదు చేయవలసిన తీరు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను ఊరూరా ఒకే ప్రశ్నలతో సేకరించింది. నాగలి ఎదురుగా ఉంటుంది, చేత్తో చూపించి అడగవచ్చు. పక్షి విషయంలో ఆ సౌకర్యం లేదు. ఎగిరిపోతుంది, రంగు మారుస్తుంది, నెల తప్పితే ఉండదు. బొమ్మ చూపించి అడిగితే మర్యాద కోసం ఏదో ఒక పేరు చెప్పేవారుంటారు. అందువల్ల మొగలో పక్షినామాల సేకరణ పక్షి కనిపిస్తున్నప్పుడే, పడవ మీదో గట్టు మీదో ఉన్నవారు దాన్ని చూస్తున్నప్పుడే జరగాలి. ‘దీన్ని ఏమంటారు?’ అన్న ప్రశ్న కన్నా ‘ఇది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది?’ అన్న ప్రశ్నకు మంచి జవాబులు వస్తాయి. పేరు ఆ జవాబులో తానే దొర్లుతుంది. చెప్పిన పేరును చెప్పినట్లే రాయాలి. ‘ఉల్లంకి’ అంటే ‘శాండ్‌పైపర్’ అని సరిదిద్దిన రోజున ఆ నమోదుకు విలువ పోతుంది. ఊరు, చెప్పినవారి వృత్తి, వయసు, తేదీతో పాటు తిథి, పోటు ఎక్కుతోందా దిగుతోందా అన్నవి తప్పనిసరి. అదే పక్షి శాస్త్రీయనామం నమోదులో వేరే గడిలో, వేరే చేతితో ఉండాలి.

ఇసుక మీద నడిచేటప్పుడు జాగ్రత్త వేరు. తీతువు గోల పెంచిందంటే ఆ మనిషి గుడ్లకు దగ్గరవుతున్నాడని అర్థం. అక్కడ ఆగి, వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి తిరగాలి. గుడ్ల ఫొటో కోసం పక్షిని లేపి కూర్చుంటే, చైత్రవైశాఖాల ఎండకు ఇసుక మీద నీడ లేని గుడ్డు లోపలే ఉడికిపోతుంది.

లిటిల్ టెర్న్ గుడ్డు పొదగడానికి మూడు వారాలు, పుట్టిన పిల్ల ఎగరడానికి మరో మూడు వారాలు పడుతుంది. ఏప్రిల్ చివర్లో పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన పిల్ల జూన్ రెండో వారానికి రెక్కల మీదికి లేస్తుంది. మొదటి గుడ్లు పోటుకు పోయి, మే చివర్లో మళ్లీ పెట్టినవాటి పిల్లలు జూలై రెండో వారానికి గానీ లేవవు. ఆ రోజుల్లోనే గోదావరికి ఎర్రనీరు దిగుతుంది, దిబ్బలు ఒక్కొక్కటిగా మునగడం మొదలవుతుంది.